తల్లి పేరు గడిలో నేను రాసింది

బాలమ్మా,

నేను ముందుగా నమస్కారం పెడితే నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతావని తెలుసు. బడిలో ఆయాగా రోజూ పెట్టేదానివి నువ్వు, పెద్ద టీచరుగా తల ఊపేదాన్ని నేను. అయినా ఇవాళ నేనే పెడుతున్నాను. నువ్వు పోయి ఒక సంవత్సరం రెండు నెలల తొమ్మిది రోజులైంది.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే... రాస్తే ఒక సంగతి చెప్పాలి. అది దాచి మిగతావి రాయడం నాకు చేతకాదు. చెప్పడమూ చేతకాలేదు. పొద్దుటి నుంచి ఈ కాగితం ముందు మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. బీరువా సర్దాను. సర్దిన బీరువానే మళ్లీ సర్దాను.

ముందు నీ రాజమణి సంగతి చెబుతాను. చార్మినార్ దగ్గర లక్క గాజుల పనిలోనే ఉంది. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క మీద రాళ్లు అద్దుతుంది. వేళ్ల కొసలు కాలి గట్టిపడిపోయాయి. అల్లుడు బొంబాయి పోయి మూడేళ్లు దాటింది, ఇంకా ఉత్తరం లేదు. పిల్లవాడికి నాలుగేళ్లు నిండాయి. వాడు అచ్చం నీలాగే నడుస్తున్నాడు, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, ఎవరినో అదిలించడానికి పోతున్నట్టు. రక్తం పంచుకోకపోయినా నడక వస్తుందా బాలమ్మా?

నువ్వు ఆమెను కనలేదని బస్తీలో అందరికీ తెలుసు. యాకుత్‌పురా స్టేషనులో రైలు వెళ్లిపోయాక, బెంచీ కింద రెండేళ్ల పిల్ల ఒక్కతే ఏడుస్తుంటే నువ్వు ఎత్తుకున్నావు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని మూడు రోజులు ఆ ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నావు. నాలుగో రోజు చంకలో పిల్లతో బడికొచ్చావు. ఏ కులమో ఏ మతమో తెలియని పిల్లను ఎలా సాకుతావని నేను అడిగాను. నువ్వన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "ఆకలైతే ఏడుస్తున్నది టీచరమ్మా, అన్నం పెడితే ఊకుంటున్నది. ఇంకేం తెల్వాలె నాకు?"

జవాబు దొరకనప్పుడు గంట కొట్టమని చెప్పేదాన్ని కదా నీకు... అదే చెప్పాను.

ఇక అసలు గొడవ. రైలు పట్టాల పక్కన మీ ఇళ్లు తీసేస్తారట. నోటీసు గోడకు అంటించారు. రేషన్ కార్డు ఉన్న ఇంటికి కిషన్‌బాగ్ వైపు జాగా ఇస్తారు, లేని ఇంటికి ఏమీ లేదు. కార్డు నీ పేరు మీద ఉండేది. నువ్వు పోయిన నెలే డీలరు దాన్ని తీసుకుని గల్లాలో వేసుకున్నాడు, మనిషి లేదు కాబట్టి కార్డు కూడా లేదన్నాడు. రాజమణి పేరు మీద కొత్తది రావాలంటే, నీ కూతురిగా నీ ఇంట్లోనే ఉందని రుజువు కావాలి. రుజువు లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే ఆ గది పోతుంది. నాలుగేళ్ల పిల్లవాడితో ఎక్కడికి పోతుంది?

నా మనవరాలు సుమతి నీకు తెలుసు. నీ దగ్గర చింతపండు ఉండలు తిని నా దగ్గర దెబ్బలు తినేది. ఇప్పుడు లా చదువుతోంది, ఆఖరి సంవత్సరం. ఆమే, తన క్లాసులో చదివే కరీం, ఇంకా నలుగురైదుగురు కలిసి ఆదివారాలు మీ బస్తీలో కూర్చుంటున్నారు. పాన్ డబ్బా అతని బల్ల అడిగి తెచ్చుకుని, వేపచెట్టు నీడన వేసుకుని, కార్డు లేనివాళ్లకు దరఖాస్తులు రాస్తున్నారు. ఎవరూ పురమాయించలేదు. పరీక్షలు దగ్గరికొస్తుంటే ఇదేం పని అని నేను కోప్పడ్డాను. తర్వాత ఆ దరఖాస్తులు చూశాను. ఇంకా కోపం వచ్చింది. ఆ చేతిరాతలేమిటి, ఆ తప్పులేమిటి! తప్పులు దిద్దడానికని ఒక ఆదివారం వెళ్లాను. అప్పటి నుంచి ఏ ఆదివారమూ మానలేదు.

నువ్వుంటే ఎంత నవ్వేదానివో. జనం పట్టుకొచ్చే కాగితాలు చూడాలి. ఒకరు దవాఖానా చీటీ, ఒకరు పెళ్లి శుభలేఖ, ఒకాయన తాకట్టు కొట్టు రసీదు. మీ పక్కింటి సాయమ్మను వయసెంత అని కరీం అడిగితే, "నువ్వే జూసి రాయి బిడ్డా, జెర తక్కువ రాయి," అంది. కరీం ఇరవై అని రాయబోయాడు. "గంత తక్కువ రాస్తే నా కొడుకు నాకంటె పెద్దోడైతడు గదరా!" అని వాడి నెత్తి మీద ఒకటి వేసింది.

రాజమణి మాత్రం ఏ కాగితమూ తేలేదు. నిటారుగా నిలబడి, నా కాగితం బడిలో ఉందని చెప్పింది. అమ్మ చెప్పిందట. "బల్లె రిజిస్టర్ల నా పేరున్నది బిడ్డా, నీ తల్లిగ. పెద్ద టీచరమ్మ చేత్తోని రాసింది. దాన్ని ఎవ్వడు కాదనలేడు," అని నువ్వు ఎన్నోసార్లు చెప్పావట.

చెప్పావా బాలమ్మా? ఎన్నిసార్లు?

నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. ఎవరిదో దరఖాస్తులో ఊరి పేరు దిద్దుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు నాకు గుర్తుంది. జూన్ నెల, కొత్త పిల్లలను చేర్చుకునే రోజు. నువ్వు ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, రాజమణి చెయ్యి పట్టుకుని తల్లుల వరుసలో నిలబడ్డావు. నీ స్టూలు ఖాళీగా ఉంది. గంట కొట్టే వేళైంది, వెళ్లి కొట్టమన్నాను. నువ్వు కదల్లేదు. "ఇయ్యాల నేను ఆయాను కాదు టీచరమ్మా, అమ్మను. గంట ఇంకెవలతోనన్న కొట్టియ్యుండ్రి," అన్నావు. వరుసలో ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు.

నీ వంతు వచ్చింది. పిల్ల పేరు రాశాను. తల్లి పేరు గడి దగ్గర ఆగాను. దత్తత కాగితం లేదు, పుట్టిన కాగితం లేదు. చూసిందే రాయాలి, రుజువున్నదే రాయాలి అన్నది నా పద్ధతి. 'తెలియదు' అని రాశాను. తండ్రి పేరు దగ్గర కూడా అదే మాట.

నువ్వు బల్ల మీదికి వంగి చూశావు. చదువు రాదు కదా... అక్షరాలు చూసి, "నా పేరు రాసిండ్రా?" అని అడిగావు.

నేను పేజీ తిప్పుతూ "ఊఁ" అన్నాను.

అంతే. ఒక్క ఊఁ. వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు, ఎండ ముదురుతోంది, నీకు వివరించే తీరిక లేదు... అప్పుడు ఇలాగే చెప్పుకున్నాను. నిజంగా తీరికేనా లేనిది? నీ మొహం చూసి చెప్పే ధైర్యమా? నా కింద పనిచేసే ఆయా తల్లుల వరుసలో నిలబడ్డందుకు ఒళ్లు మండిందా? ఇన్నేళ్ల తర్వాత తవ్వినా ఏదీ తేలడం లేదు.

నువ్వు వెళ్లి గంట కొట్టావు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపు కొట్టావు.

ఆదివారం ఆ బల్ల దగ్గర ఇదంతా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సుమతి, కరీం బడికి వెళ్లి అర్జీ పెట్టారు. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ రిజిస్టరు నకలు రాయించి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి నేరుగా రేషన్ ఆఫీసుకు పంపింది. పిల్లలెవరూ చూడలేదు. మా అమ్మమ్మ చేతిరాతకు తిరుగేముందని సుమతి గర్వంగా చెప్పుకుందట.

పదకొండు రోజులు. ఒక్క రోజు కూడా కుదురుగా కూర్చోలేదు బాలమ్మా. పోస్టుమాను సైకిల్ గంట వినబడితే గుమ్మంలోకి వెళ్లేదాన్ని. పూజలో దీపం వెలిగించి అగరుబత్తి మరిచిపోయేదాన్ని. నాలో నేను లెక్క వేసుకునేదాన్ని, ఆఫీసువాళ్లు ఆ గడి చూడకపోవచ్చు, చూసినా పట్టించుకోకపోవచ్చు, ఆ పేజీకి చెదలు పట్టి ఉండవచ్చు... తప్పు దొరకకూడదని కోరుకునే పిల్లలను ఎంతమందిని బెంచీ ఎక్కించాను నేను?

పన్నెండో రోజు ఉత్తరం వచ్చింది. తల్లి తెలియదని బడి రిజిస్టరే చెబుతోంది కాబట్టి, ఈమెకూ బాలమ్మకూ సంబంధం లేదని దరఖాస్తు తోసేశారు. పదిహేను రోజుల్లో రుజువుతో వస్తే మళ్లీ వింటామన్నారు.

బస్తీలో వేపచెట్టు కింద రాజమణి ఆ ఉత్తరం చదివింది. మన బడిలో అయిదో తరగతి దాకా చదివింది కదా, గడగడా చదివేస్తుంది. చదివి, మడిచి, జాకెట్టులో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. ఎవరో తప్పు పేజీ రాసి పంపి ఉంటారని సుమతికి చెప్పింది. "పెద్ద టీచరమ్మ గట్ల రాయది," అంది.

అది విన్నాక నేను అక్కడ ఉండలేకపోయాను. ఎండలో షాలిబండలో మా ఇంటి దాకా నడిచి వచ్చాను. రిక్షాలు పిలుస్తున్నా ఎక్కలేదు.

సాయంత్రం సుమతికీ కరీంకూ చెప్పాను. ఊఁ అన్న సంగతితో సహా. కరీం మంచివాడు, నా బాధ చూడలేకపోయాడు. బడి బంట్రోతు తనకు తెలుసని, ఆ గడిలో మాట కొట్టేసి పేరు రాస్తే సరిపోతుందని, "ఒక్క గీత దాదీ, కౌన్ దేఖ్తా?" ఎవరు చూస్తారు అని అన్నాడు. లా చదివేవాడివి రిజిస్టరు దిద్దుతావా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. వాడు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్లిపోయాడు. మర్నాడు పిలిపించి టీ ఇచ్చాను. వాడికంటే ముందు ఆ ఆలోచన నాకే వచ్చింది, అది నీకొక్కదానికే చెబుతున్నాను.

దోవ చూపింది సుమతి. నా దినచర్య పుస్తకాలు అడిగింది. నీకు తెలుసుగా, బడిలో జరిగిన ప్రతిదీ ఏ రోజుకారోజు రాసి పెట్టేదాన్ని. ఎవరు ఆలస్యం, ఎవరికి సెలవు, ఎందుకు సెలవు. బీరువాలో ఇరవై రెండు పుస్తకాలున్నాయి. పిల్లలంతా మా వరండాలో చాప పరుచుకుని తలా నాలుగు పంచుకున్నారు. నేను వంటింట్లోకీ వరండాలోకీ తిరుగుతున్నాను.

కాసేపటికి కరీం పైకి చదివాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. 'బాలమ్మ రాలేదు. కూతురికి తట్టు.' ఇంకో పుస్తకంలో సుమతి చదివింది. 'బాలమ్మకు సగం పూట సెలవు. కూతురు మెట్ల మీద పడింది.' మరొకటి, 'బాలమ్మ ఆలస్యం. కూతురికి జ్వరం. మందలించాను.'

పందొమ్మిది చోట్ల దొరికింది. పందొమ్మిది చోట్లా నా చేతిరాతే, నా సిరాయే. నీకు సెలవు కోసినప్పుడల్లా నువ్వు తల్లివి. రిజిస్టరులో మాత్రం కావు.

ఇది కనబడకుండా ఇన్నేళ్లు ఎలా ఉన్నాను? తప్పు పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరనేవారే...

పిల్లలు సంతోషంతో గంతులు వేశారు. సుమతి ప్రమాణపత్రం రాసి తెచ్చింది. నేను పరువుగా బయటపడేలా జాగ్రత్తగా రాసింది. పిల్లను చేర్చుకున్న రోజున తల్లి వివరం నాకు తెలియదని, తర్వాతి కాలంలో బాలమ్మే తల్లి అని తెలుసుకున్నానని అందులో ఉంది. చదివి పక్కన పెట్టాను. బాగుంది. ఎవరికీ నష్టం లేదు. సంతకం మర్నాడు పెడతానన్నాను. మర్నాడు కూడా పెట్టలేదు. ఆఫీసుకు వెళ్లాక పెడతానన్నాను.

విచారణ రోజు రాజమణి పనికి నాగా పెట్టి వచ్చింది. పిల్లవాడిని కూడా తెచ్చింది. బెంచీ మీద వాడు ఒక చోట కూర్చోడు, నేనూ కూర్చోలేదు. ఇద్దరం వరండా కొలిచాం.

ఇన్‌స్పెక్టరు చిన్నవాడే, మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. నకలు ముందు పెట్టి, ఇది మీ చేతిరాతేనా మేడం అని అడిగాడు. నాదే అన్నాను. పుస్తకాలు చూశాడు, గుర్తులు పెట్టిన పందొమ్మిది పేజీలూ తిరగేశాడు. రిజిస్టరులో తెలియదని రాశారు, ఇక్కడ కూతురని రాశారు, బాలమ్మ తల్లి అని మీకు ఎప్పుడు తెలిసింది అని అడిగాడు.

ప్రమాణపత్రం బల్ల మీద ఉంది. 'తర్వాతి కాలంలో' అన్న మాట నాకు తలకిందులుగా కనబడుతోంది. సుమతి కాలితో నా కాలు నొక్కింది. రాజమణి తలుపు దగ్గర, పిల్లవాడి భుజాలు పట్టుకుని నిలబడి ఉంది.

"రాసిన రోజునే తెలుసు," అన్నాను. "ఆమె నా ఎదురుగా పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పేరు రాశారా అని అడిగింది. రాశానని చెప్పాను. రాయలేదు."

అతను కలం కింద పెట్టాడు. తెలిసే తప్పు రాశారా అని అడిగాడు. తెలిసే అన్నాను. అది మీ చేత్తో రాసిస్తారా అన్నాడు. సుమతి రాసిన కాగితం పక్కకు జరిపి, తెల్ల కాగితం అడిగి రాసిచ్చాను. అక్షరాలు వంకర పోయాయి. నా చేతిరాత అలా ఉండగా నువ్వెప్పుడూ చూడలేదు.

మెట్ల మీద రాజమణి నన్ను ఆపింది. ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. "మా అమ్మ సచ్చేదాక నీ మాట నమ్మింది టీచరమ్మా. బస్తీల లొల్లయినప్పుడల్లా, ఎవలన్న నన్ను దొరికిన పిల్ల అన్నప్పుడల్లా, బల్లెకు పోయి సూస్కోపోండ్రి అనేది. ఎవలన్న పోయి సూస్తే ఏమయ్యేది?" అని అడిగింది.

పిల్లవాడిని ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు బల్ల దగ్గరికి రాలేదు. నేను వెళ్లాను. దరఖాస్తులు దిద్దుతూ గల్లీ మలుపు వైపు చూస్తూనే ఉన్నాను. రాజమణి మస్తు కోపం మీద ఉందని, నాలుగు దినాలు ఆగమని సాయమ్మ నాకు చెప్పి పోయింది. ఆగడం నా వల్ల కాదని ఆమెకేం తెలుసు?

నిన్న వచ్చింది బాలమ్మా.

మధ్యాహ్నం వచ్చింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. గుమ్మం బయటే నిలబడి కార్డు నా చేతికిచ్చింది. కొత్తది, ఇంకా సిరా వాసన పోలేదు. ముద్ర ఉంది. పేర్లు ఉన్నాయి. నేను చూసి, బాగుందమ్మా, అంతా సరిగ్గానే ఉంది అని తిరిగి ఇవ్వబోయాను.

తీసుకోలేదు. "సదువుండ్రి," అంది. "పైకి సదువుండ్రి. ప్రతి గడి."

తనకు చదువు రాదా? నాకంటే ముందే పదిసార్లు చదువుకుని ఉంటుంది. అయినా కళ్లజోడు తెచ్చుకుని గుమ్మంలో నిలబడి చదివాను. ఇంటి నంబరు చదివాను. ఇంటి పెద్ద, రాజమణి. వయసు. కొడుకు పేరు, వయసు. తల్లి పేరు... బాలమ్మ.

అక్కడ ఆగాను. రాజమణి కళ్లు మూసుకుని వింటోంది. ఆ గడి మళ్లీ చదవమంది. చదివాను. కార్డు తీసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్లింది. నన్ను క్షమించానని అనలేదు. ఆదివారం వస్తానని మాత్రం అంది.

జాగాల జాబితా ఇంకా అంటించలేదు. వచ్చే శుక్రవారం అంటున్నారు. అందులో పేరు కనబడే దాకా నాకు నిలకడ లేదు. కార్డు ఉన్నా పేరు తప్పించిన సందర్భాలు ఉన్నాయని కరీం అంటున్నాడు. రాజమణి పనికి నాగా పెట్టనక్కర్లేదు, నేనే వెళ్లి జాబితా మొదటి పేరు నుంచి చూస్తానని కబురు పంపాను. ఉంటే ఉందని, లేకపోతే లేదని, ఉన్నది ఉన్నట్టు ఆమెకు చెబుతాను. నీకు కూడా.

బస్తీలో ఇంకా నలభై ఒక్క ఇళ్లకు కార్డులు లేవు. పిల్లల పరీక్షలయ్యేదాకా ఆ బల్ల దగ్గర నేనే కూర్చుంటాను. రాసిన ప్రతి కాగితమూ రాయించుకున్నవాళ్లకు చదివి వినిపించి కాని వేలిముద్ర వేయించను.

ఉంటాను బాలమ్మా.

నీ దగ్గర మాట తప్పిన
పెద్ద టీచరు